ఓడ దిగి వెదర్ రౌటింగ్‌లోకి వెళ్లాలంటే దారేది?

నమస్కారమండీ. మాది కాకినాడ, ఉండేది చెన్నై రాయపురం. బీఎస్సీ నాటికల్ సైన్స్ చదివి మర్చంట్ నేవీలో సెకండ్ ఆఫీసర్‌గా చేస్తున్నాను. ఇక ఒడ్డున కూర్చుని, వాతావరణం చూసి పడవలకు దారి చెప్పే పనిలోకి మారాలనుంది.

ఈ పిచ్చి పట్టించింది ఒంటరిగా భూమిని చుట్టే పడవ పందేలే. వాండే గ్లోబ్‌లో ఒడ్డు నుంచి ఎవరూ దారి చెప్పకూడదు. 2024 అర్కియా అల్టిమ్ ఛాలెంజ్‌లో మాత్రం ఒడ్డున నిపుణులు ఉండొచ్చన్నారు. ఇక మన నావికుడు అభిలాష్ టామీ రెండో స్థానంలో నిలిచిన 2022 గోల్డెన్ గ్లోబ్ పందెంలో జీపీఎస్ కూడా వాడనివ్వరు!

గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం బంగాళాఖాతంలో ఎడమవైపు, భూమధ్యరేఖకు దక్షిణాన కుడివైపు ఉంటుందని తెలుసు. దక్షిణ సముద్రంలో పీడనం పడిపోతూ వాయవ్య గాలి వీచి, కోల్డ్ ఫ్రంట్ (చల్లగాలి ముందంచు) దాటగానే నైరుతికి తిరగడమూ అర్థమవుతుంది. పై ఎత్తుల్లో గాలి తీరు చూపే 500 హెక్టోపాస్కల్ చార్టు చూస్తేనే తల తిరుగుతుంది. వాతావరణాన్ని అంచనా వేసే కంప్యూటర్ మోడళ్లలో యూరోపియన్ మోడల్ ఒకటి, అమెరికా మోడల్ జీఎఫ్‌ఎస్ ఇంకొకటి చెబితే దేన్ని నమ్మాలి?

విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో మెటియరాలజీ ఎమ్మెస్సీకి నా డిగ్రీ పనికొస్తుందా? లేక చిన్న కోర్సులు చేసి, ముందు సరుకు ఓడలకు రౌటింగ్ చేసే కంపెనీలో చేరడం మేలా? మొదట్లో జీతం ఎంతుంటుంది? ఇంట్లో వాళ్ల టెన్షనంతా దాని గురించే. ఈ లైన్‌లో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి, త్వరలో మళ్లీ ఓడెక్కాలి.