డురాంగో ఆవిరి రైలు: బిట్రగుంట షెడ్డులో పనిచేసిన మా నాయనని తీసుకుపోవచ్చా?

బోగోలు అమ్మాయి:
మా నాయన బిట్రగుంట లోకోషెడ్డులో ఫైర్‌మన్‌గా, అంటే ఆవిరి ఇంజను పొయ్యిలో బొగ్గు వేసే పనికి చేరి, డ్రైవరుగా రిటైరయ్యాడు. ఇప్పుడు 78 ఏళ్ళు. ఫైర్‌బాక్స్ తలుపు తగిలి కాలిన మచ్చ ఎడమ ముంజేతి మీద ఇంకా ఉంది. సెప్టెంబరులో తమ్ముడి దగ్గరికి డెన్వర్ పోతున్నాం. వాడేమో గ్రాండ్ కేన్యన్ అంటాడు. నాయనేమో కొలరాడోలోనే డురాంగో అనే ఊళ్ళో ఆవిరి ఇంజన్లు ఇంకా నడుస్తున్నాయని ఫోన్లో చూసి, "కొండలు మనకి ఉదయగిరిలో లేవా? నాకా ఇంజను చూపించండి చాలు" అంటున్నాడు. మోకాళ్ళ నొప్పులు, బీపీ ఉన్నాయి. అంత దూరం పోతే ఫలితం ఉంటుందా? పోయినవాళ్ళెవరన్నా చెప్పండి.

కావలి కాఫీ:
చెల్లెమ్మా, మాది కావలి. నేను 2016లో ఒకసారి, 2023లో ఒకసారి పోయొచ్చాను. పెద్దాయన అడిగింది న్యాయం, తీసుకుపోండి. కానీ మీ తమ్ముడు ఒక్క రోజులో కొట్టేద్దామంటే ఒప్పుకోవద్దు. డెన్వర్ నుంచి కారులో దాదాపు ఏడు గంటలు, దారిలో వుల్ఫ్ క్రీక్ కనుమ 10,800 అడుగుల పైమాటే. ముందురోజే చేరి, రాత్రి పడుకుని, తెల్లారి రైలెక్కాలి.

రైలు సిల్వర్టన్ దాకా 45 మైళ్ళు, మూడున్నర గంటలు. మన పాసింజరు బండే నయమనిపిస్తుంది. అక్కడ రెండు గంటలు ఆపి, మళ్ళీ అంతసేపు వెనక్కి. పెద్దాయనకి నా సలహా, పోయేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు వాళ్ళ బస్సు. బస్సులో గంటన్నరలో దిగిపోతారు. పోయేటప్పుడు కుడిపక్క సీటు తీసుకోండి. రాక్‌వుడ్ దాటాక కొండ అంచుని తొలిచి పట్టాలు వేశారు, కిటికీలోంచి చూస్తే 400 అడుగుల కింద అనిమస్ నది ఆకుపచ్చగా కనిపిస్తుంది. నేనైతే కాళ్ళు లోపలికి లాక్కున్నాను. సిల్వర్టన్ 9,300 అడుగుల ఎత్తు, అంటే మన తిరుమలకి మూడింతల పైనే. బీపీ ఉందంటున్నారు కాబట్టి ముందు డాక్టర్ని అడగండి. అక్కడ దిగాక గబగబా నడిపించొద్దు.

డురాంగో ఊరి పుట్టుక సంగతి మీ నాయనకి తప్పకుండా చెప్పండి, నచ్చుతుంది. రెండు మైళ్ళ అవతల అనిమస్ సిటీ అని అప్పటికే ఒక ఊరుంది. డెన్వర్ అండ్ రియో గ్రాండే రైలు కంపెనీ పెట్టిన షరతులకి ఆ ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. సరే మీ ఊరు మీరే ఉంచుకోండని, 1880లో కంపెనీ పక్కనే సొంతంగా డురాంగో కట్టుకుంది. 1881లో రైలొచ్చింది, 1882 జులైకి సిల్వర్టన్ వెండి గనుల దాకా పట్టాలు పడ్డాయి. పాత ఊరివాళ్ళు సామాన్లు సర్దుకుని కొత్త ఊరికి వచ్చేశారు. స్టేషను ఎక్కడుంటే ఊరు అక్కడికి నడిచొస్తుందని బిట్రగుంట వాళ్ళకి నేను చెప్పాలా!

అన్నిటికంటే ముఖ్యం స్టేషను వెనకున్న షెడ్డు. అందులోనే మ్యూజియం. బయట ఇంజన్లని గుండ్రంగా తిప్పే టర్న్‌టేబుల్ ఇప్పటికీ పనిచేస్తుంది. ఇంజన్లలో కె-36లు 1925లో బాల్డ్విన్ కంపెనీ చేసినవి. మన బ్రాడ్‌గేజి ఐదున్నర అడుగులు, అక్కడ పట్టాల మధ్య మూడడుగులే. దూరంనుంచి బొమ్మ బండిలా ఉంటుంది, పక్కన నిలబడితే మాత్రం సెగకి ముఖం తిప్పుకోవాల్సిందే. నాయనని ఇక్కడ గంటకి తక్కువ ఉంచొద్దు, నా మాట వినండి.

2016లో బొగ్గు ఇంజను. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర పొట్లం విప్పి ఓపెన్ పెట్టెలో కూర్చున్నా, రెండు మలుపులు తిరిగేసరికి పోపులో ఏవి ఆవాలో ఏవి బొగ్గు రవ్వలో తెలియలేదు. 2023లో తెల్లచొక్కా తెల్లగానే ఉంది. 2018లో ఆ చుట్టుపక్కల 54 వేల ఎకరాలు తగలబడ్డ కార్చిచ్చు తర్వాత ఇంజన్లని వరసగా ఆయిలుకి మార్చుకుంటూ వచ్చారు. వాసన కూడా మారిపోయింది. నాయనకి ఈ ఒక్క సంగతి ముందే చెప్పి తీసుకుపోండి.

సోమశిల నీళ్ళు:
రైలు దిగాక ఊరు కూడా చూడండి. స్ట్రేటర్ హోటల్ 1887 నాటిది, ఎర్ర ఇటుకలది. కట్టించింది హెన్రీ స్ట్రేటర్ అనే మందుల షాపాయన. కింద బార్లో పియానో వాయిస్తుంటారు, మందు తాగకపోయినా కూర్చోవచ్చు. ఇంకో రోజు ఉంటే పడమటి వైపు మెసా వర్డే. కొండచరియ కింద రాతితో కట్టిన పాత ఇళ్ళు, ఎనిమిది వందల ఏళ్ళ నాటివి. కాకపోతే ఆ ఇళ్ళలోకి దిగాలంటే నిచ్చెనలెక్కాలి. మోకాళ్ళ నొప్పులన్నారు కదా, పెద్దాయన్ని పైనుంచే చూడనివ్వండి.

కావలన్న చెప్పిన కథలో ఒక ముక్క తగ్గింది. ఆ వెండి కొండలు మొదట యూట్ తెగవాళ్ళవి. 1873లో బ్రూనో ఒప్పందం పేరుతో వాళ్ళ చేత ఆ నేల వదిలించాకే గనులవాళ్ళు ధైర్యంగా స్థిరపడ్డారు, ఆ తర్వాతే రైలు. సిల్వర్టన్‌లో కౌబాయ్ టోపీలు కొనుక్కుని తిరిగొచ్చేవాళ్ళకి ఇది ఎవరూ చెప్పరు. ఇగ్నాసియోలో దక్షిణ యూట్‌లే నడుపుకునే మ్యూజియం ఉంది, డురాంగో నుంచి ఎక్కువ దూరం కాదు. నేను అక్కడికి పోయాకే మిగతా కథ అర్థమైంది.

కావలి కాఫీ:
ఒప్పుకుంటున్నా. రెండుసార్లు పోయి కూడా ఇగ్నాసియో వైపు తొంగిచూడలేదు. తప్పు నాదే.

బోగోలు అమ్మాయి:
అన్నలిద్దరికీ దండాలు. అంతా నాయనకి చదివి వినిపించాను. ఊరి కథకి నవ్వాడు. ఆయిలు దగ్గరికొచ్చేసరికి ముఖం చిన్నబోయింది. "ఆయిలైతే ఇంక ఫైర్‌మన్ దేనికి? కుళాయి తిప్పుకుంటూ కూర్చుంటాడా?" అని అడగమన్నాడు.

కావలి కాఫీ:
కుళాయి తిప్పడమే అనుకుని నేనూ అక్కడొకాయన్ని అడిగాను. ఆయిలు ఎంత వదలాలి, దాన్ని చిమ్మే ఆవిరి ఎంతుండాలి, బాయిలర్లో నీళ్ళ మట్టం ఎక్కడుంది, కన్ను తిప్పితే ఏదో ఒకటి తప్పుతుందన్నాడు. ఇంకోటి. ఆయిలుకి గొట్టాల్లో మసి పేరుకుంటుంది. అందుకని అప్పుడప్పుడు ఇసుక తీసి నిప్పులోకి చల్లుతారు. ఇసుక గొట్టాల్ని గీరుకుంటూ పోయి, పొగగొట్టంలోంచి నల్లటి పొగ ఒక్కసారి గుప్పున లేస్తుంది.

బోగోలు అమ్మాయి:
చెప్పాను అన్నా. "దేంతో చల్లుతారంట, చేత్తోనా పారతోనా?" అంటున్నాడు. టిక్కెట్లు తీసేయమని తమ్ముడికి ఇప్పుడే ఫోన్ చేశాను.