ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్న కారును హెచ్చరిక లైటు ఆర్పించి నడుపుకోవచ్చా?

పానగల్లు వాసి (నల్లగొండ):

అందరికీ నమస్కారం. పోయిన నెల చెర్వుగట్టులో దర్శనం చేసుకొని కుటుంబంతో నల్లగొండకు తిరిగి వస్తుండగా, చీకటి పడే వేళ, ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రానికి యాసంగి వడ్లు తీసుకుపోతున్న ట్రాక్టర్ ట్రాలీని మా కారు వెనుక నుంచి ఢీకొన్నది. ట్రాలీకి వెనుక లైటు గానీ, మెరిసే స్టిక్కరు గానీ లేదు. బ్రేకు గట్టిగానే తొక్కాను, అయినా తగిలేటప్పటికి వేగం 40 కిలోమీటర్ల దాకా ఉండి ఉంటుంది. పెద్ద పటాకా పేలినట్టు చప్పుడై ముందున్న రెండు బ్యాగులూ తెరుచుకున్నాయి, కారంతా తెల్లటి పొగ కమ్మి దీపావళి రాత్రి వాసన వచ్చింది. కారు అంటుకున్నదని భయపడి వెనుక సీట్లో ఉన్న నాలుగేళ్ల పాపను ఎత్తుకొని బయటకు వచ్చేశాను. తర్వాత చూస్తే స్టీరింగు మధ్యలో నుంచి ఆ బ్యాగు పిండిన తువ్వాలులా వేలాడుతున్నది. నా బొటనవేలి దగ్గర తోలు లేచింది, నా భార్య ముంజేయి కమిలింది. ఇద్దరం బెల్టు పెట్టుకొనే ఉన్నాం.

కంపెనీ వర్క్‌షాపులో ఎయిర్‌బ్యాగులకే లక్షకు పైగా అవుతుందన్నారు. తెలిసిన షెడ్డు ఆయనేమో డాష్‌బోర్డుకు అతుకు వేసి, స్టీరింగు మీద కొత్త మూత బిగించి, లోపల ఒక చిన్న ముక్క పెట్టి ఎయిర్‌బ్యాగు హెచ్చరిక లైటు ఆర్పేస్తానని, 15 వేలలో పని అయిపోతుందని అంటున్నాడు. మా బంధువులు కూడా ఆ బ్యాగుల వల్లనే దెబ్బలు తగిలాయి కదా, లేకపోవడమే మేలని అంటున్నారు. కారు 2020 మోడల్, ఇన్సూరెన్సు ఉన్నది. ఏం చేయమంటారు?

జడ్చర్ల మెకానిక్:

అన్నా, ముందుగా మీరంతా క్షేమంగా బయటపడ్డందుకు సంతోషం. ఆ షెడ్డులో చెప్పిన పని మాత్రం దయచేసి చేయించకండి. అది రిపేరు కాదు. అందులో జరిగేదేమిటో వివరంగా చెబుతాను.

డాష్‌బోర్డు మీద ఉండే ఎస్‌ఆర్‌ఎస్ లైటు (ఎయిర్‌బ్యాగు హెచ్చరిక లైటు) బ్యాగులను నడిపే కంట్రోల్ యూనిట్ చెప్పినట్టు వెలుగుతుంది. ఆ యూనిట్ ఇగ్నిషన్ వేసిన ప్రతిసారీ బ్యాగును పేల్చే చిన్న మందుగుండు తీగలో విద్యుత్ నిరోధం సరిగా ఉన్నదా అని కొలుస్తుంది. మీకు పెడతానన్న ముక్క అంతే నిరోధం ఉన్న ఒక రెసిస్టర్. దాన్ని చూసి యూనిట్ బ్యాగు ఉన్నదనే అనుకొని లైటు ఆర్పేస్తుంది. మూత కింద మాత్రం ఏమీ ఉండదు. లైటు వెలుగుతున్న కారు కనీసం తనలో లోపం ఉన్నదని చెబుతుంది, దాన్ని చూసి మనిషి జాగ్రత్త పడతాడు. ఈ కారు ఆ మాట కూడా చెప్పదు. రేపు మీరు దీన్ని అమ్మితే, కొన్న మనిషి తన పిల్లలను కూర్చోబెట్టుకొని 44వ నంబరు హైవే మీద అదే నమ్మకంతో పోతాడు.

సరైన పని అంటే బ్యాగులు మార్చడం ఒక్కటే కాదు. ఒకసారి పేలిన తర్వాత కంట్రోల్ యూనిట్, కారు ముందు భాగంలో దెబ్బను పసిగట్టే సెన్సార్లు, స్టీరింగు కింద చుట్టగా ఉండే క్లాక్ స్ప్రింగ్, అన్నిటికంటే ముఖ్యంగా సీటు బెల్టులు చూడాలి. బెల్టు లోపల ప్రిటెన్షనర్ అని ఉంటుంది. గుద్దుకున్న క్షణంలో అది కూడా చిన్న మందుగుండుతోనే బెల్టును వెనక్కి లాగి మనిషిని సీటుకు బిగిస్తుంది. ఇదీ ఒక్కసారికే పనిచేస్తుంది. మీ ముందు బెల్టులు లాగి చూడండి, బిగుసుకుపోయి లోపలికి పోకుండా ఉంటే అవి పేలినట్టే. మామూలుగా కదులుతున్నా సరే, స్కానరుతో చూపించకుండా వదలకండి.

ఇంకొక మాట, మీ కారుకు ముందు ఇనుప గార్డు ఉన్నదా? ఉంటే తీసేయించండి. దెబ్బ తీవ్రత సెన్సారుకు చేరే తీరునే అది మార్చేస్తుంది. ఈ గార్డులను అనుమతించవద్దని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది.

పాలమూరు డాక్టర్ (అత్యవసర విభాగం):

దెబ్బలు బ్యాగుల వల్లనే తగిలాయన్న మాట సగమే నిజం. బ్యాగు తెరుచుకొని పూర్తిగా నిండడానికి సెకనులో ఇరవయ్యో వంతు, అంటే రెప్పపాటు కంటే తక్కువ సమయం పడుతుంది, గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో గుడ్డ ముఖం వైపు దూసుకొస్తుంది. చేతులు ఒరుసుకుపోవడం, ముంజేయి కమలడం, కొన్ని గంటలు చెవుల్లో హోరు, ఇవన్నీ అందులో భాగమే. అదే వేగంలో బ్యాగు లేకుండా ఛాతీ స్టీరింగుకు తగిలితే వచ్చే గాయాలను మేం రాత్రి డ్యూటీల్లో చూస్తూనే ఉంటాం. వాటితో పోలిస్తే మీ బొటనవేలి తోలు చాలా చిన్న విషయం.

మీరు చూసిన పొగలో ఎక్కువ భాగం బ్యాగు మడతలు అంటుకోకుండా చల్లే పొడి, మందు కాలగా మిగిలిన ధూళి. ఉబ్బసం ఉన్నవారికి అది ఇబ్బంది పెడుతుంది, కళ్లలో పడితే నలపకుండా ధారాళంగా నీళ్లతో కడగాలి. మీ భార్య ముంజేయి ఇంకా నొప్పిగా ఉంటే ఎక్స్‌రే తీయించండి. బెల్టు పడిన చోట పొట్ట మీద కమిలిన గుర్తు ఉండి కడుపునొప్పి కూడా ఉంటే ఒక్క రోజు కూడా ఆగవద్దు.

పాప వెనుక సీట్లో ఉన్నదన్న వాక్యం చదివి నాకు ఊపిరి వచ్చింది. మన దగ్గర పిల్లలను ముందు సీట్లో తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మామూలైపోయింది. ఆ పాప ఒళ్లో ఉంటే బ్యాగు విచ్చుకునే చోటుకూ తల్లి ఛాతీకీ మధ్యలో ఆ పసి తల ఉండేది. పన్నెండేళ్లు దాటేవరకు వెనుక సీటే వారి చోటు, చిన్నపిల్లలకు చైల్డ్ సీటు కూడా కావాలి. డ్రైవింగు చేసేవారు తమ ఛాతీకీ స్టీరింగుకూ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు, అంటే ఒక జానెడుకు పైగా, ఎడం ఉండేలా సీటు జరుపుకోవాలి.

సూర్యాపేట సర్వేయర్ (ఇన్సూరెన్సు):

డబ్బు సంగతి నేను చెబుతాను. సర్వేయర్ చూసి ఫోటోలు తీసేవరకు ఏ భాగమూ విప్పించవద్దు, క్లెయిమ్ సమాచారం ఇంకా ఇవ్వకపోతే ఈరోజే ఇవ్వండి, ఆలస్యానికి కారణం కూడా రాతపూర్వకంగా తెలపండి. మామూలు సమగ్ర పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలతో పాటు ఎయిర్‌బ్యాగులకు కూడా 50 శాతం తరుగుదల కోస్తారు. జీరో డెప్ (తరుగుదల కోయని అదనపు కవరు) తీసుకొని ఉంటే ఆ కోత పడదు, కాబట్టి ముందు మీ పాలసీ కాగితం చూడండి. మొత్తం రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో కారుకు రాసిన విలువలో, 75 శాతం దాటితే కారును టోటల్ లాస్‌గా (పూర్తి నష్టంగా) లెక్కించే అవకాశం ఉన్నది. పని పూర్తయ్యాక పాత బ్యాగులు, బెల్టులు మీ కళ్ల ముందు చూపించమని అడగండి, కొత్త వాటి బిల్లులు దాచుకోండి.

పానగల్లు వాసి:

మీ అందరికీ కృతజ్ఞతలు. ఉదయం బెల్టులు లాగి చూశాను. నా వైపుది సగం బయటికి వచ్చి అక్కడే బిగుసుకున్నది, ఎంత వదిలినా లోపలికి పోవడం లేదు. పాలసీలో జీరో డెప్ ఉన్నదని తేలింది, ప్రమాదం జరిగిన మర్నాడే ఫోను చేసి ఉన్నందువల్ల క్లెయిమ్ నంబరు కూడా దొరికింది. కారును షెడ్డు నుంచి రేపు కంపెనీ వర్క్‌షాపుకు లాగించుకుపోతున్నాను. గార్డు మాట నిజమే, ముందు ఉన్నది, అది కూడా తీసేయిస్తాను. నా భార్య ముంజేయికి సాయంత్రం ఎక్స్‌రే తీయిస్తున్నాం.