విటమిన్ సి డ్రిప్ క్యాన్సర్ కణాలనే చంపుతుందా?

ఉప్పుగాలి: మా మావయ్యకి పాంక్రియాస్ క్యాన్సర్, కేజీహెచ్‌లో కీమో నడుస్తోంది. విటమిన్ సి ఎక్కిస్తే క్యాన్సర్ కణాలే చస్తాయని చుట్టాలు వీడియో పంపారు. నిజమేనా?

ల్యాబ్‌అన్న: అందులో విషయం ఉంది. మాత్రలు ఎన్ని మింగినా పేగులు కొంతే తీసుకుంటాయి. నరానికి ఎక్కిస్తే రక్తంలో దాని మోతాదు ఎన్నో రెట్లు పెరిగి, కణాల చుట్టూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. పుండు మీద పోస్తే బుసబుసా నురగ వస్తుందే, అదే. ఆ నురగ మన కణాల్లోని కాటలేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టడం వల్ల వస్తుంది. చాలా క్యాన్సర్ కణాల్లో కాటలేజ్ తక్కువ, తట్టుకోలేవు.

సింహగిరి: అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు 1979లో, 1985లో రోజుకి 10 గ్రాములిచ్చి చూశారు. లాభం లేదని తేలింది.

ల్యాబ్‌అన్న: వాళ్లిచ్చింది నోటితో! 2024లో అమెరికాలోని అయోవా యూనివర్సిటీ వాళ్లు పాంక్రియాస్ రోగులకే కీమోతో పాటు 75 గ్రాముల చొప్పున వారానికి మూడుసార్లు ఎక్కించారు. 8 నెలల ఆయుష్షు 16కి పెరిగింది.

సింహగిరి: మొత్తం 34 మంది. చైనాలో 442 మంది పేగు క్యాన్సర్ రోగులకి డ్రిప్పే ఎక్కించారు, 2022లో ఫలితం వచ్చింది. మొత్తం మీద తేడా లేదు.

బీచ్‌రోడ్డు: రోజూ ఉసిరికాయ తింటే చాలదా?

ల్యాబ్‌అన్న: చాలదండీ. సింహగిరి గారూ, నోటితో ఇచ్చిందీ డ్రిప్పూ ఒకటేనా, ముందు అది చెప్పండి.

సింహగిరి: మీలాంటి వాళ్ల మాట విని మా నాన్న కీమో మానేశారు. ఒక క్లినిక్‌లో సీసాకి నల్ల కవరు తొడిగి ఎక్కించేవారు. ప్రతి సీసాకీ నేనే డబ్బు కట్టాను. పెందుర్తి స్థలం అమ్మేశాం. ఐదు నెలలకే పోయారు.

ల్యాబ్‌అన్న: కీమో మానమని నేనెక్కడ అన్నాను? మా అక్కని "ఇంక ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు. ఆ రాత్రి నుంచే చదువుతున్నాను. దారి ఉందని తెలిసీ నోరు మూసుకోమంటారా?

సింహగిరి: దారి అని ఇంకా తేలలేదు కదా అన్నా. భయంలో ఉన్న మనిషికి "ఉండొచ్చు" అంటే "ఉంది" అనే వినిపిస్తుంది. మా నాన్నకి అలాగే వినిపించింది.

ల్యాబ్‌అన్న: ...అది ఒప్పుకుంటాను. ఉప్పుగాలి గారూ, కీమో డాక్టర్‌కి చెప్పకుండా ఒక్క సీసా కూడా వద్దు. ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉంటే ఎర్రకణాలు పగిలిపోతాయి. కిడ్నీలు చూపించాలి. షుగర్ మెషిన్ కూడా తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి ఇన్సులిన్ వేస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఉప్పుగాలి: రేపు ఓపీ ఉంది. జీ6పీడీ అని మావయ్య ఫైలు అట్ట మీద రాసుకున్నాను. కీమో మానం.