హెచ్‌డబ్ల్యూ ఎర్రర్లు 6 శాతం: తప్పు హబ్‌దా, స్టిక్‌దా?

హాష్_గుంటూరు:
బిట్‌కాయిన్ మైనింగ్‌కి గెక్కోసైన్స్ కాంపాక్ యూఎస్‌బీ స్టిక్కులు నాలుగు, ఒక్కోదాంట్లో ఒక బీఎం1384 మైనింగ్ చిప్. 10 పోర్టుల హబ్, 5 వోల్టులు 4 ఆంపియర్ల అడాప్టర్. అన్నీ 200 మెగాహెర్ట్జ్. మైనింగ్ సాఫ్ట్‌వేర్ సీజీమైనర్ 2 గంటలు నడిచాక హెచ్‌డబ్ల్యూ (హార్డ్‌వేర్ ఎర్రర్లు) వరసగా 12, 20, 1150, 9. మూడోదాని డబ్ల్యూయూ (నిమిషానికి చేసిన సరైన పని) 143, మిగతావి 152–154. హబ్ మార్చాలా, స్టిక్ మార్చాలా?

పవర్‌బోర్డ్:
హబ్. మారుమాట లేదు. స్టిక్కులు నడుస్తుండగా పోర్టు దగ్గర మల్టీమీటర్ పెట్టి 5 వోల్టులు చూడండి. అడాప్టర్ దగ్గర 5.1 ఉండి మూడో పోర్టులో 4.7కి దిగితే దొంగ దొరికినట్టే. పది పోర్టులకీ లోపల ఒకటే సన్నటి రాగి గీత, చివరి పోర్టుకి వచ్చేసరికి వోల్టేజి పడిపోతుంది. అడాప్టర్ నుంచి హబ్‌కి వచ్చే వైరు కూడా జుట్టు మందమే ఉంటుంది.

కొత్తిమీర:
జాడిగ్ టూల్‌తో యూఎస్‌బీ డ్రైవర్ మళ్ళీ వేయండి బ్రో.

టంకం_రాడ్:
డ్రైవర్ తేడా అయితే స్టిక్ కనపడదు. ఇక్కడ మూడు వేర్వేరు జబ్బుల్ని ఒకే గాటన కడుతున్నారు. హెచ్‌డబ్ల్యూ అంటే చిప్ జవాబుగా పంపిన నాన్స్ అనే అంకెతో సీజీమైనర్ హాష్ మళ్ళీ లెక్కేస్తే ముందు 32 బిట్లు సున్నాలు రాలేదని. అది పూల్ (మన పని తీసుకునే మైనింగ్ సర్వర్) దాకా పోదు. పూల్ తిప్పికొట్టింది రిజెక్ట్, అది ఎక్కువగా ఇంటర్నెట్ ఆలస్యం వల్ల. స్టిక్ మాయమై జాంబీ అని పడితే యూఎస్‌బీ తెగిపోయిందని అర్థం, దానికి పవర్ కారణం కావచ్చు.

ఇక 5 వోల్టుల సంగతి. చిప్‌కి నేరుగా 5 వోల్టులు పోవు. స్టిక్ మీద బక్ కన్వర్టర్ దాన్ని ఒక వోల్టు కంటే కిందకి దించి ఇస్తుంది. ఇన్‌పుట్ 5 నుంచి 4.6కి పడితే అది కరెంటు ఎక్కువ లాగుతుంది, 4 వాట్ల స్టిక్ 0.8కి బదులు 0.87 ఆంపియర్లు తీసుకుంటుంది. కోర్ వోల్టేజి మాత్రం కదలదు. మరీ పడిపోతే రీసెట్ అవుతుంది, 1150 ఎర్రర్లు మాత్రం రావు. ఈ చిప్‌కి 200 ఎక్కువ, అంతే.

పవర్‌బోర్డ్:
బక్ కన్వర్టర్ పాఠం నాకు చెప్పకండి. చవక అడాప్టర్ రిపుల్ మీటర్‌లో కనపడదు. డీసీ మీద చూస్తే 5.0 అని నవ్వుతూ చూపిస్తుంది, లోపల అల ఎగురుతూ ఉంటుంది. పెట్టె మీద 4 ఆంపియర్లు అని రాసి 2.5 దగ్గరే చేతులెత్తేసే అడాప్టర్ అమ్మిన షాపువాడు వాపసు కూడా తీసుకోలేదు నాకు. ఆ రాతల్ని నమ్మేవాళ్ళే చిప్‌ని తిడతారు.

లెక్కల_మావయ్య:
ముందు శాతం సరిగ్గా కట్టండి. హెచ్‌డబ్ల్యూని హెచ్‌డబ్ల్యూ ప్లస్ డిఫ్1 (ఆ 32 సున్నాలు వచ్చిన సరైన నాన్సులు)తో భాగించాలి. డబ్ల్యూయూ అంటే నిమిషానికి వచ్చే డిఫ్1 నాన్సులు. 143 × 120 = 17160. 1150ని 18310తో భాగిస్తే 6.3 శాతం. బీఎం1384లో 55 కోర్లు, 55 × 200 = 11000 మెగాహాష్, అంటే సెకనుకి 11 గిగాహాష్. డబ్ల్యూయూ ఒకటికి 71.58 మెగాహాష్ లెక్కన రావాల్సింది 153.7. మంచివీ చెడ్డవీ కలిపితే నిమిషానికి 152.6. అంటే చిప్ పని మానలేదు, తప్పులు చేస్తోంది. పది నిమిషాలు చూసి తీర్పు చెప్పకండి, పది నిమిషాల్లో డబ్ల్యూయూ 4 అటూ ఇటూ ఊగడం మామూలే.

పవర్‌బోర్డ్:
లెక్క బాగుంది, కారణం చెప్పలేదు.

లెక్కల_మావయ్య:
నన్ను అడిగింది శాతం.

టంకం_రాడ్:
కారణం తేలాలంటే మూడో స్టిక్‌ని ఒకటో పోర్టులో, ఒకటోదాన్ని మూడో పోర్టులో పెట్టి మళ్ళీ 2 గంటలు నడపాలి. ఎర్రర్లు స్టిక్ వెంట పోతే స్టిక్, పోర్టులోనే ఉండిపోతే హబ్. ఒక్కసారి ఒక్కటే మార్చాలి. హబ్, వైరు, ఫ్రీక్వెన్సీ మూడూ ఒకేసారి మార్చేసి ‘తగ్గింది’ అంటే దేనివల్ల తగ్గిందో బ్రహ్మకి కూడా తెలీదు.

హీట్‌సింక్ కూడా కదిపి చూడండి. మధ్యాహ్నం ఎక్కువై తెల్లారుజామున తగ్గుతుంటే అది వేడి. ఫ్యాన్‌ని మాత్రం అదే హబ్‌కి తగిలించకండి.

హాష్_గుంటూరు:
మార్చి చూశా. ఒకటో పోర్టులో మూడో స్టిక్: 1098. మూడో పోర్టులో ఒకటోది: 15. రెండు పోర్టుల్లోనూ లోడ్ మీద 4.9 పైనే.

టంకం_రాడ్:
స్టిక్కే. స్టిక్ మీద పాట్ (వోల్టేజి సర్దే చిన్న స్క్రూ) కొంచెం తిప్పి కోర్ వోల్టేజి పెంచండి, 200లోనే నిలుస్తుంది. స్క్రూడ్రైవర్ వెంట్రుకవాసి కదిపి ప్రతిసారీ మీటర్‌లో చూడాలి, గుడ్డిగా తిప్పితే చిప్ కాలుతుంది.

పవర్‌బోర్డ్:
ఇదీ మీ సలహా! చిప్ 200 తట్టుకోవడం లేదు అని మీరే అన్నారు, ఇప్పుడు దానికే ఇంకా వోల్టేజి పెట్టమంటున్నారు. పవర్ వోల్టేజి వర్గం లెక్కన పెరుగుతుంది. 10 శాతం పెంచితే వేడి 21 శాతం. ఆ కరెంటంతా అదే హబ్‌లోంచి రావాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం 500 మిల్లీ ఆంపియర్లు, 3.0కి 900. ఒక్కో స్టిక్ 0.8 దాటుతుంటే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. 150కి దించండి, హెచ్‌డబ్ల్యూ సున్నా వస్తుంది.

టంకం_రాడ్:
150లో డబ్ల్యూయూ 115. ఇప్పుడు తప్పులతో కలిసి 143 వస్తోంది. సున్నా అనే అంకె చూసుకుని మురవడానికి 28 వదులుకోవాలా? తప్పు నాన్స్ వల్ల పూల్ తిట్టదు, చిప్ అరగదు. అయ్యేది ఆ కాస్త కరెంటు వృథా.

పవర్‌బోర్డ్:
దేనికండీ ఆ 28? సోలోలో, అంటే ఒంటరిగా, 11 గిగాహాష్‌తో బ్లాక్ తగులుతుందా?

టంకం_రాడ్:
తగలదనే అనుకోండి. తగిలితే 3.125 బిట్‌కాయిన్లు. లాటరీ టికెట్టు కొన్నవాడికి టికెట్లు తగ్గించుకో అంటారేంటి?

పవర్‌బోర్డ్:
అదీ అసలు విషయం. మీకది టికెట్టు. నాకు రాత్రంతా ఇంట్లో మనుషులు పడుకున్నప్పుడు నడిచే పొయ్యి. 2 గంటలు బాగుంటే చాలు మీకు, 2 ఏళ్ళు నడవాలి నాకు. ఇందాకటినుంచీ హబ్, హబ్ అన్నది అందుకే.

టంకం_రాడ్:
ఆ మాట మొదటే అంటే ఒప్పుకునేవాణ్ణి. ఎర్రర్లకి హబ్ కారణం అన్నారు, అది తప్పు.

లెక్కల_మావయ్య:
మధ్యలో 187.5 ఉంది. 55 × 187.5 = 10.31 గిగాహాష్, డబ్ల్యూయూ 144. ఎర్రర్లు పోతే ఇప్పుడొస్తున్న 143కి సమానం, వోల్టేజి కదపకుండా.

హాష్_గుంటూరు:
187.5, 4 గంటలు: హెచ్‌డబ్ల్యూ 96, డబ్ల్యూయూ 143.5. మిగతా మూడూ 200లోనే. పాట్ ముట్టుకోను.

టంకం_రాడ్:
సరే. 200లో నిలబడితే వచ్చే ఆ 10 డబ్ల్యూయూ మాత్రం పోయినట్టే.

పవర్‌బోర్డ్:
ఆ మూడూ కూడా దించండి.