‘శీతాకాలపు తుపాను’ సరైన మాటేనా?

సభ్యులకు నమస్కారం. అమెరికాలో మంచు కురిసి విమానాలు ఆగిన ప్రతిసారీ మన పత్రికలు ‘శీతాకాలపు తుపాను’ అని రాస్తాయి. పర్లాకిమిడిలో పుట్టి పెరిగిన నాకు ఆ మాట రుచించదు. మాకు తుపాను అంటే బంగాళాఖాతంలో పుట్టి వచ్చేదే. 2018 అక్టోబరులో తిత్లీ మా గజపతి జిల్లాలో కొండచరియలను ఊళ్ల మీదికి తోసింది. చలికాలంలోనూ ఆ సముద్రం ఊరుకోదు, 2021 డిసెంబరులో జవాద్ ఒడిశా తీరం వైపు వచ్చి బలహీనపడింది. శీతాకాలపు తుపాను అంటే నాకు జవాదే గుర్తొస్తుంది.

రెండింటి పుట్టుకే వేరు. మన తుపానుకు బలం వెచ్చని సముద్రం. నీరు సుమారు 26 డిగ్రీలు దాటి వెచ్చగా ఉంటే ఆవిరి పైకి లేచి, మేఘమై, తనలోని వేడిని వదిలి సుడిని పోషిస్తుంది. నేల మీదికి రాగానే ఆ ఆహారం అందక నీరసిస్తుంది. అమెరికాలో చలికాలంలో వచ్చేదానికి బలం ఉష్ణోగ్రతల తేడా. ఉత్తరాది చల్లగాలి, దక్షిణాది వెచ్చని తేమగాలి ఎదురుపడిన చోట, బరువైన చల్లగాలి కిందికి చొచ్చుకుపోతుంది, వెచ్చనిది దాని మీదికి ఎక్కుతుంది. చాలా ఎత్తున వేగంగా వీచే గాలులు ఆ పైగాలిని లాక్కుపోతే కింద పీడనం తగ్గి సుడి మొదలవుతుంది. అందుకే అది నేల మీద కూడా పుట్టి బలపడగలదు. మధ్యధరా వైపు నుంచి వచ్చి కశ్మీరులో మంచు కురిపించే అల్పపీడనాలూ ఈ కోవకే చెందుతాయి.

– మరి ‘మంచు తుపాను’ అంటే చాలదా అండీ? మా బరంపురంలో ఒడియా వార్తలు సముద్రపు తుపానును ‘బాత్యా’ అంటాయి. సంస్కృత ‘వాత్య’ నుంచి వచ్చినదే. ‘తుపాను’ను మనం సముద్రానికి అంత గట్టిగా కట్టేయాలా?

– చాలదండీ. ఒకే సుడిలో ఒక అంచున మంచు, మరో అంచున వాన పడతాయి. నడుమ ఇంకొకటి ఉంది. పై వెచ్చని పొరలో మంచు కరిగి, నేల దగ్గరి చలిపొరలోంచి వానగానే దిగి, కొమ్మలనూ తీగలనూ తాకగానే గడ్డకడుతుంది. కరెంటు తీగలు ఎక్కువగా తెగేది దానివల్లే. వీటన్నిటికీ ‘మంచు’ ఒక్కటే ఎలా సరిపోతుంది? ‘శీత గాలివాన’ అందాం. గాలివాన మన పాత మాట, సముద్రంతో దానికి ముడి లేదు. ఇంతకన్నా మంచి మాట ఎవరికైనా తోస్తే చెప్పండి.