పటంలో అడవి, కొండ మీద తుప్పలు: 12 ఎకరాల బోడికొండకి ఏం చేస్తే మంచిది?

కొండకింద:
విజయనగరం జిల్లాలో గజపతినగరం, బొండపల్లి మధ్య ఊరు మాది. ఊరిని ఆనుకుని 12 ఎకరాల చిన్న కొండ ఉంది, రికార్డులో కొండ పోరంబోకు. పైన బలుసు, పరికి, ఈత తుప్పలు, అక్కడక్కడ గిడసబారిన రేల, మోదుగ. మేకలు రోజూ ఎక్కుతాయి. శివరాత్రి దాటాక ఏటా ఎవరో ఒకరు నిప్పు పెడతారు.

రెండు సందేహాలు. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా విడిపోయాక కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సాలూరు అటు వెళ్ళిపోయాయి. శ్రీకాకుళం జిల్లా నుంచి సీతంపేట కూడా అటే పోయింది. చెప్పుకోదగ్గ అడవి చాలావరకు అటే. అయినా ఉపగ్రహ పటంలో మా చుట్టూ పచ్చచుక్కలు అడవి అని చూపిస్తున్నాయి. అక్కడికెళ్ళి చూస్తే మామిడి తోట, సరుగుడు తోట. మా కొండ మాత్రం అడవి లెక్కలో లేదు. ఇదేం లెక్క?

రెండోది, ఈ వానలకి కొండ మీద ఏదో ఒకటి చేద్దామని కుర్రాళ్ళు సిద్ధంగా ఉన్నారు. ఒకరు మియావాకీ (మొక్కలు కిక్కిరిసేలా నాటి అడవి పెంచే పద్ధతి) అంటారు, ఒకరు నీలగిరి వేసి డబ్బు చేసుకుందామంటారు, ఇంకొకరు విత్తన బంతులు విసిరేస్తే చాలంటారు. మాకు కావలసింది పిట్టలు, తేనెటీగలు, నీడ. డబ్బు తక్కువ, మనుషులున్నారు, కొండ మీద నీళ్ళు లేవు.

పటాలపిచ్చి:
మొదటిదానికి నేను చెబుతాను. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా రెండేళ్ళకోసారి ఇచ్చే నివేదికలో "అటవీ విస్తీర్ణం" అంటే కనీసం ఒక హెక్టారు నేల, పైనుంచి చూస్తే అందులో కనీసం 10 శాతం చెట్ల కొమ్మలతో కప్పబడి ఉండాలి. అంతే. ఆ నేల ఎవరిదో, ఆ చెట్టు ఏ జాతిదో అడగరు. అందుకే మామిడి, జీడి, కొబ్బరి, సరుగుడు, నీలగిరి అన్నీ లెక్కలోకి వస్తాయి. 70 శాతం, ఆపైన కప్పు ఉంటే బాగా దట్టమైన అడవి, 40 నుంచి 70 మధ్య ఓ మోస్తరు, 10 నుంచి 40 పలచటి అడవి. 10 లోపు ఉన్న అటవీ నేల పొదనేల కింద వేరే పోతుంది. మీ కొండ కూడా 10 లోపే ఉండి ఉంటుంది.

ఇంకో మెలిక. ఆ చిత్రంలో ఒక్కో గడి 23.5 మీటర్ల చదరం, అంటే సుమారు 550 చదరపు మీటర్లు. అంత జాగాలో నాలుగు రేల చెట్లు, పది తుప్పలు, మధ్యలో ఎర్రమట్టి ఉంటే గడి మొత్తం కలిసిపోయి బీడుగా పడుతుంది. వరస తప్పకుండా పెంచిన సరుగుడు తోట మాత్రం నిండుగా పడుతుంది. కోత అయితే వచ్చే నివేదికలో అక్కడ "అడవి తగ్గింది", మళ్ళీ నాటితే ఆపై దాంట్లో "పెరిగింది". 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి, కొబ్బరి నేలకూలాయి. పటంలో అలాంటివన్నీ అడవి నష్టమే. సహజమైన అడవి ఒక్క గజం పోకపోయినా అంకె పడిపోగలదు, ఒక్క గజం రాకపోయినా లేవగలదు.

కాబట్టి నివేదిక చూసి జిల్లాలో చెట్ల కప్పు ఎంతో తెలుసుకోండి, అడవి ఎంతో అని మాత్రం అనుకోకండి. 33 శాతం మాట కూడా తరచూ వినిపిస్తుంది. 1988 జాతీయ అటవీ విధానంలో అది దేశం మొత్తానికి పెట్టిన గురి, కొండ ప్రాంతాలకైతే మూడింట రెండొంతులు. వరిచేల మండలానికి ఆ 33 అంటగట్టడం ఆ విధానంలో లేదు.

నారుమడి:
రెండోదానికి వస్తాను. గునపం పక్కన పెట్టండి. ముందు ఆ "గిడసబారిన" రేల, మోదుగల మొదళ్ళు చూడండి. మోకాలెత్తు ఉన్న రేల కింద వేరు ఇరవై ఏళ్ళది కావచ్చు. ఏటా మేక కొరికి, నిప్పు కాల్చి, మళ్ళీ చిగిర్చి అలా ఉండిపోయిన చెట్టు అది. నర్సరీ మొక్క బొమికల్లాంటి రాళ్ళ మధ్య వేరు దించడానికి పడే తిప్పలు దానికి లేవు. వేరు ముందే దిగి ఉంది. రెండు మూడేళ్ళు కొరకకుండా, కాల్చకుండా వదిలితే మనిషెత్తు దాటుతుంది.

లెక్క ఇలా తీయండి. తాడుతో 10 మీటర్ల చదరాలు కొండ మీద పది చోట్ల పరచండి, చెట్లున్న చోటే ఏరుకోకుండా. ఒక్కో చదరంలో చెట్టు కాగల జాతుల మోడులు, సహజంగా మొలిచిన మొక్కలు ఎన్నో రాయండి. బలుసు, పరికి లాంటి పొదలు వేరే రాయండి. ఎకరాకి అలాంటి చదరాలు 40 పడతాయి. చదరానికి నాలుగు దొరికితే ఎకరాకి 160, అంటే 5 మీటర్ల ఎడంలో మొక్కలు నాటినట్టే. అంతకు మించి ఉన్నచోట కొత్త మొక్క అక్కర్లేదు.

మోడు పని: వానలకి ముందు, చిట్లిపోయి కుళ్ళిన మోళ్ళని నేల నుంచి బెత్తెడు ఎత్తులో పదునైన కత్తితో ఏటవాలుగా నరకాలి, నీళ్ళు నిలవకూడదు. మొద్దు కత్తితో బాదితే బెరడు చీలిపోయి చిగురు గాలికి ఊడిపోతుంది. మొదటి ఏడాది వచ్చిన చిగుళ్ళన్నీ ఉంచండి, మరుసటి చలికాలంలో బలమైనవి రెండు మూడు వదిలి మిగతావి తీసేయండి. మొదటి ఏడాదే ఒక్కటి ఉంచితే అది మేక నోట పడిన రోజున మోడు కథ ముగిసినట్టే.

మియావాకీ గురించి: చదరపు మీటరుకి మూడు మొక్కలనుకున్నా 12 ఎకరాలకి దాదాపు 1,45,000 మొక్కలు. మీటరు లోతు తవ్వకం, ఎరువు, రెండు మూడేళ్ళ నీళ్ళు. మీటరుకి రోజూ ఐదు లీటర్లు వేసుకోండి: 2,40,000 లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 48, రోజూ. బడి వెనక పది సెంట్లకైతే బాగుంటుంది. మీ కొండకి వద్దు. పైగా తుప్పల మీదా ఎండగడ్డి మీదా బతికే కౌజులు, కుందేళ్ళు, ఉడుములకి అంత కిక్కిరిసిన చెట్లు ఇల్లు కావు.

విత్తన బంతులు: రాతి వాలు మీద దొర్లి వాగులో పడతాయి. నిలిచినవి మొదటి వానకి మొలిచి, జూలై వరపుకి మాడిపోతాయి. దానికన్నా పరికి తుప్ప మొదట్లో గునపంతో చిన్న బొరియ చేసి గింజ పెట్టండి. ముళ్ళే కంచె, తుప్ప నీడే తడి. మూడేళ్ళకి మొక్క తుప్పని దాటి తల పైకెత్తుతుంది. అందుకే "ముందు తుప్పలు కొట్టి శుభ్రం చేద్దాం" అనేవాళ్ళని కొండ ఎక్కనివ్వకండి!

ఏ గింజ ఎలా: వేప పండు జూన్, జూలైల్లో ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి రెండు మూడు వారాల్లోపే పెట్టాలి. నేరేడు, ఇప్ప కూడా అంతే, దాచితే చచ్చిపోతాయి. రేల గింజ తోలు గట్టి, మరిగించి దింపిన నీళ్ళలో వేసి ఒక రోజు నాననివ్వండి, ఉబ్బినవే పెట్టండి. చింత రాత్రంతా నానబెడితే చాలు. తాటి టెంక ఆగస్టు, సెప్టెంబరుల్లో నేరుగా ఎక్కడ కావాలో అక్కడే పాతాలి. దాని మొలక ముందు కిందికి దిగుతుంది, సంచిలో పెంచి మార్చడం కుదరదు.

ఉద్దానం గాలి:
పైన చెప్పినవాటితో ఒప్పుకుంటూనే ఒక మాట. తోటలని మరీ తీసిపారేయకండి. సరుగుడు వేరు బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టే సూక్ష్మజీవి ఉంటుంది, ఇసుకనేలలో సముద్రపు గాలికి అడ్డుగా దాన్ని మించింది లేదు. అది కొండరాయి చెట్టు కాదు, అంతే తేడా. నీలగిరి కూడా సొంత చేలో డబ్బు పంట అవుతుంది. మీరు పిట్టలు కావాలన్నారు కాబట్టి కొండ మీద వద్దు. దాని ఆకు త్వరగా కుళ్ళదు, కింద గడ్డి పలచబడుతుంది, నాలుగైదేళ్ళకోసారి నరికేస్తారు కాబట్టి గూటికి తగిన తొర్ర ఎప్పటికీ రాదు.

పెద్ద కొమ్మ ఎంత ముఖ్యమో శ్రీకాకుళం జిల్లాలో పిట్టలు గూళ్ళు కట్టే ఊళ్ళు తేలుకుంచి, తేలినీలాపురం చూస్తే తెలుస్తుంది. తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు, తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చేది అడవికి కాదు, ఊళ్ళో ముదిరిన చింతల లాంటి పెద్ద చెట్లకీ, దగ్గర్లో మేతకి పొలాలు, చెరువులు, చిత్తడి ఉన్నందుకూ. చెట్లు తక్కువున్న జిల్లాలో ఒక పాత చింతకి వంద మొక్కలు కూడా సాటిరావు. కొండ పని మొదలెట్టకముందే ఊళ్ళో, గట్ల మీద, అమ్మవారి గుడి దగ్గర ఉన్న ముదురు చెట్ల జాబితా ఒకటి రాసుకోండి. గింజలకి తల్లిచెట్లు కూడా అవే.

మరో హెచ్చరిక. మా వైపు మందస, వజ్రపుకొత్తూరుల్లో ఎలుగుల గొడవ ఉంది. కొండగుట్టల్లో ఉండే ఎలుగు జీడిపండుకీ పనసపండుకీ తోటల్లోకి దిగుతుంది. కొండ మీద దాని తిండి చెదలు, రేల, నేరేడు, రేగు, ఈత. ఎలుగు తిరిగే చోటయితే పండుచెట్లు ఊరి వైపు వాలులో కాకుండా అవతలి వాలులో ఉంచండి. మీ దగ్గర ఎలుగు లేకపోతే ఈ పేరా మర్చిపోండి.

కొండకింద:
ఎలుగులు లేవండి, నక్కలు, పునుగుపిల్లి ఉన్నాయి. నారుమడి గారూ, పది చదరాలు కొలిచాం. వాగు పక్కన మూడింట్లో తొమ్మిదేసి, నడుమ వాలులో ఐదింట్లో ఐదేసి, పైన చదునులో రెండింట్లో ఒక్కోటి. మొత్తం 54, సగటు 5.4. ఎకరాకి 216. అంటే ఏమీ నాటక్కర్లేదా? పైన చదును రెండెకరాలుంటుంది, మధ్యాహ్నం మంద అక్కడే పడుకుంటుంది. ఉత్తరపు వాలులో లంటానా కూడా ఎక్కువే.

నారుమడి:
సగటు చూసి మోసపోకండి. వాగు పక్కా, వాలులోనూ నాటక్కర్లేదు. పైన మాత్రం ఎకరాకి 40 దగ్గరే ఉన్నాయి, 160 కావాలంటే ఎకరాకి 120, రెండెకరాలకి 240 మొక్కలు. మీ 12 ఎకరాలకీ కావలసిన నాట్లు అవే.

మంద తొక్కి నేల గట్టిపడి ఉంటుంది. మూరెడు లోతు, మూరెడు వెడల్పు గుంతలు మే నెలలోనే తవ్వి ఎండనివ్వండి. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఒక పక్క పోసి, పూడ్చేటప్పుడు పైమట్టి అడుక్కి పోవాలి. జూన్‌లో ఒక్క చినుకు పడగానే నాటొద్దు, గుంత అడుగు దాకా తడిసిన రెండో మంచి వానకి నాటండి. మనకి ఏడాదికి 1,100 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడినా ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే, మొదటి వేసవి దాటడమే కష్టం. ఫిబ్రవరి నుంచి మే దాకా ఐదారు సార్లు మొక్కకి 10 లీటర్లు పోస్తే ఒక్కో తడికి 2,400 లీటర్లు, సగం ట్యాంకరు. అక్కడికి మోదుగ, రేల, చిగర, వేప, పాల మొక్కలు సరిపోతాయి. మూడు నాలుగు చోట్ల మర్రి కొమ్మ పాతండి: మనిషెత్తు, మణికట్టు కన్నా లావు, వానలకి ముందు, మూడోవంతు నేలలో. మిగతా చెట్లకి కాయ లేని నెలల్లో కూడా మర్రిపండు దొరుకుతుంది. పికిలిపిట్టలు దాని కొమ్మల మీద కూర్చుని వేసే రెట్టలో మిగతా గింజలు వచ్చి పడతాయి.

వాలులో నీరు ఆపడానికి అడ్డకందకాలు తవ్వుకోవచ్చు, నాలుగు మీటర్ల పొడవు, అరమీటరు వెడల్పు, అరమీటరు లోతు. ఒక్కోటి నిండితే వెయ్యి లీటర్లు. మట్టి కిందివైపే వేయాలి. మట్టం నీటిగొట్టంతో చూసుకోండి, ఒక కొస జారిందా నీళ్ళన్నీ అక్కడ చేరి కందకాన్ని కోసేసి వాగు చేస్తాయి. మోడుకి రెండు మీటర్ల లోపు తవ్వొద్దు. ఉపాధి పనిలో చేయిస్తే ఈ మాట ముందే చెప్పాలి, కొలత కోసం వరసగా తవ్వుకుంటూ పోతారు.

లంటానా పైన నరికితే రెట్టింపు వస్తుంది. నేలకి రెండు వేళ్ళ లోతులో తల్లివేరు కోసి, పొదని తలకిందులుగా తిప్పి అక్కడే ఎండనివ్వండి. కాయ పండకముందు చేయాలి. మరుసటి ఏడు పిట్టలు వాలే చెట్ల కింద మొలకలు వస్తాయి, వాటిని చేత్తో పీకేయండి. ఒకేసారి వాలంతా తీస్తే మట్టి కొట్టుకుపోతుంది, పాయలు పాయలుగా తీసి గడ్డి రానివ్వండి.

పటాలపిచ్చి:
కాగితం పని మర్చిపోకండి. కొండ పోరంబోకు రెవెన్యూదే అయినా, అంచు రిజర్వు ఫారెస్టుకి తగులుతుందేమో సర్వే నంబరు పటంలో చూసుకోండి. తగిలితే అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ మోడు కూడా ముట్టొద్దు. లేకపోతే పంచాయతీ తీర్మానం, తహసీల్దారుకి అర్జీ. 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీకి ఒక కమిటీ, ఒక రిజిస్టరు ఉండాలి. మీ పది చదరాల లెక్క, ముదురు చెట్ల జాబితా అందులో ఎక్కించండి. రేపు ఎవరైనా కంకర క్వారీకి అడిగితే "అక్కడ ఏమీ లేదు" అనడానికి వీలుండదు.

ఉద్దానం గాలి:
మేకలవాళ్ళతో మాట వానలకి ముందే తేల్చుకోండి. 12 ఎకరాలూ ఒకేసారి మూసేస్తే రాత్రిపూట తోలుతారు. నాలుగెకరాల చొప్పున మూసి, చిగురు మేక ముందుకాళ్ళెత్తి నిలబడినా అందనంత ఎత్తు, అంటే రెండు మీటర్లు దాటాక తెరిచి, పక్క నాలుగు మూయండి. మూసిన దాంట్లో గడ్డి కోసుకెళ్ళే హక్కు వాళ్ళకే ఇవ్వండి. చాలాచోట్ల నిప్పు పెట్టేది కొత్త పచ్చిక కోసమే. డిసెంబరులోనే గడ్డి ఇళ్ళకి చేరితే శివరాత్రికి కాలడానికి కొండ మీద పెద్దగా మిగలదు. కొండ చుట్టూ మూడు మీటర్ల బాట కూడా అప్పుడే చెక్కేయండి, తోటల్లో ఆకు పోగేసి తగలబెట్టే రోజులు వచ్చేలోపు.