రోజుకో బస్సు వచ్చే ఊళ్లో ఇంటి దగ్గర సంరక్షణ నిలబడాలంటే?

కొండదారి:
పక్షవాతంతో కుడిపక్క చచ్చుబడిన పెద్దాయన. చూసుకునేది భార్య ఒక్కరే, ఆవిడకీ డెబ్బై దాటాయి. పట్టణం 25 కిలోమీటర్లు. ఒక సంరక్షణ సంస్థ రోజుకు నాలుగు విజిట్లు, అరగంట చొప్పున ప్లాన్ రాసింది. రెండో వారానికే రాత్రి విజిట్ ఆగింది, పొద్దున్నది పదకొండింటికి జారింది. ఆయనకేమో ఆరింటికల్లా లేచి బయట కూర్చోవాలి. అదొక్కటే గట్టిగా అడుగుతున్నారు. ఎక్కడ సరిచేయాలి?

ఊరిలెక్క:
ప్లాన్ లెక్కలోనే తప్పిందండీ. రానూపోనూ 80 నిమిషాలు వేసుకోండి. నాలుగు విజిట్లకు దారిలోనే 5 గంటల 20 నిమిషాలు పోతాయి, చేసే పని 2 గంటలు. ఆ దారి సమయానికి జీతం ఇవ్వకపోతే ఎవరూ నిలవరు.

పని విడదీయండి. స్నానం, చర్మం పరీక్ష, వ్యాయామాలు శిక్షణ ఉన్న మనిషికి వదలండి. రోజుకు ఒక్కసారే వచ్చి గంటన్నర ఉంటే, ప్రయాణంతో కలిపి 2 గంటల 50 నిమిషాల్లో తేలుతుంది. పొద్దున లేపడం, రాత్రి పడుకోబెట్టడం నడిచి రాగల ఊరివాళ్లకు, జీతానికే. ఇద్దరిని పెట్టుకోండి. ఒక్కరే అయితే వాళ్లకు జ్వరమొచ్చిన రోజున అంతా ఆగిపోతుంది. ఆరింటికి లేవడాన్ని ప్లాన్‌లో మొదటి లైనుగా రాయండి, మిగతా వేళలు దాని చుట్టూ సర్దండి.

మంచంపక్క:
ఊరివాళ్లకు నేర్పేటప్పుడు ఈ నాలుగూ చేయించి చూడండి, చెప్పి వదిలేయకండి.

లేపేటప్పుడు చచ్చుబడిన చెయ్యి పట్టి లాగకూడదు, చంకలో చెయ్యేసి ఎత్తకూడదు. ఆ భుజం కీలు వదులై ఉంటుంది, జారిపోతుంది. తిండి నిటారుగా కూర్చోబెట్టే పెట్టాలి, తిన్నాక అరగంట అలాగే ఉంచాలి. మింగాక దగ్గొచ్చినా, గొంతు తడిగా గరగరమన్నా పెట్టడం ఆపి నర్సుకు చెప్పాలి.

ఒకే పక్క పడుకుని ఒత్తిడి పడితే వచ్చే పుండ్లు ముందు కనిపించేది నడుము కింది ఎముక మీద, మడమల మీద. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే కాస్త ఊరట. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, ఆ పక్క మీద పడుకోబెట్టొద్దు. ముదురు రంగు చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు, వేడి, గట్టిదనం చేత్తో తడిమి పోల్చుకోవాలి. అక్కడ రుద్దితే ఇంకా చెడుతుంది. మడమ కింద కాదు, పిక్క కింద దిండు పెట్టాలి, మడమ గాల్లో తేలాలి. రింగు దిండు మాత్రం వాడొద్దు, చుట్టూ ఒత్తి రక్తం ఆడనివ్వదు.

నాలుగోది పక్క మార్చడం. తనంతట కదల్లేని మనిషికి రెండు గంటలకోసారితో మొదలుపెట్టి, చర్మాన్ని బట్టి, పరుపును బట్టి నర్సు వ్యవధి తేలుస్తారు. రాత్రంతా ఇది భార్య మీదే పడితే ముందు ఆవిడే మంచం పడతారు. వారానికి కనీసం రెండు రాత్రులు ఇంకొకరు ఉండేలా ప్లాన్‌లోనే రాయించండి.

సొంతగంటలు:
డబ్బు ఎవరి చేతిలో ఉందన్నదీ ముఖ్యమే. స్కాట్లాండ్ 2013లో చేసిన సంరక్షణ చట్టం, ప్రభుత్వ సాయం పొందే మనిషికి నాలుగు దారులు ఇస్తుంది: ఆ డబ్బు తానే తీసుకుని మనిషిని పెట్టుకోవడం, తాను ఎంచుకున్నదాన్ని కౌన్సిల్ (అక్కడి స్థానిక ప్రభుత్వం) చేత ఏర్పాటు చేయించుకోవడం, ఎంపిక కౌన్సిల్‌కే వదలడం, లేదా వీటిని కలిపి వాడుకోవడం. పక్కింటివాళ్లను పెట్టుకోవాలంటే మొదటిదారి బాగుంటుంది, కానీ జీతం, సెలవులు, బీమా అన్నీ ఇంటివాళ్ల బాధ్యతే అవుతాయి. కాగితాలు చూసే మనిషి లేకపోతే రెండోదారే మేలు. ఎక్కడైనా సరే, గంటలను వారం లెక్కన కాకుండా నెల లెక్కన అడగండి. వాన పడి దారి మూసుకుపోయిన వారం మిగిలిన గంటలు తర్వాత వాడుకోవచ్చు.

కొండదారి:
ఫోన్ సిగ్నల్ అందదు. ఒకరు చేసింది ఇంకొకరికి ఎలా తెలియాలి?

ఊరిలెక్క:
మంచం దగ్గర గోడకు ఒక కాగితం, దారంతో కట్టిన పెన్ను. వేళ, ఏ పక్కకు తిప్పారు, ఎంత తిన్నారు, చర్మం ఎలా ఉంది, సంతకం. రోజూ వచ్చే మనిషి దాన్ని ఫొటో తీసుకుని సిగ్నల్ ఉన్నచోట నర్సుకు పంపాలి. మందులు ఎప్పుడూ ఏడు రోజులకు సరిపడా మిగిలి ఉండగానే తెప్పించండి, బస్సు రాని రోజులను నమ్మలేం.